సెల్లారులో తెల్లదుమ్ము

జూన్ 3

డాక్టరమ్మకి,

నా ఫోన్ పాడవలేదు. నువ్వు నాలుగుసార్లు చేసినట్టు అది చూపిస్తూనే ఉంది. కానీ ఇకమీదట మనం ఉత్తరాలే రాసుకుందాం. సెల్లారులో సిగ్నల్ అందదు. పైన హాల్లో మావాడు ఉంటాడు. నీ గొంతు వినబడితే వాడు పేపరు అడ్డం పెట్టుకుని చదువుతున్నట్టు నటిస్తాడు, నేనేమో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గొణగాలి. అరవై రెండేళ్ళు వచ్చాక సొంత ఇంట్లో దొంగలా గొణగడం నావల్ల కాదు. ఉత్తరమైతే తీరిగ్గా తిట్టుకోవచ్చు.

విడాకుల కాగితాలు చేరాయి. వాడు సంతకం పెట్టి బీరువాలో దాచాడు. "ఎనిమిదేళ్ళు రెండు పేజీల్లో సర్దేశారమ్మా" అన్నాడు. మీ ఇద్దరిలో తప్పెవరిదో నన్ను అడగొద్దు. ఒకడు కన్నకొడుకు, ఒకతె కష్టంలో తోడున్న మనిషి. ఎటు తూచినా తక్కెడ నిలవదు.

ఇక అసలు సంగతి. నువ్వు వెళ్ళి నాలుగు నెలలైనా మన పుట్టగొడుగులు ఆగలేదు. మన లాండ్రీ మూతపడ్డాక ఆ సెల్లారులో ఎలుకలు కూడా కాపురం పెట్టలేదు. అలాంటి చోటికి నువ్వు కాఫీ పిప్పి గోనె దింపి, "పారేసేదాంట్లోంచి తినేది తీద్దాం అత్తయ్యా" అన్న రోజు నీకు మతి చలించిందనుకున్నాను. ఇప్పుడు ఎనభై సంచులు వేలాడుతున్నాయి. ఐదు కాఫీ హోటళ్ళు పిప్పి ఇస్తున్నాయి, మూడు హోటళ్ళు పుట్టగొడుగులు తీసుకుంటున్నాయి. మొన్న కొత్త వంటమాస్టరొకడు వచ్చి, ఒక ముత్యపుచిప్ప పుట్టగొడుగుని కాసేపు వాసన చూసి, "ఏం వేసి పెంచారమ్మా" అన్నాడు. "మీ వీధి చివర కాఫీ తాగినవాళ్ళ పాపం" అన్నాను.

కానీ మూడో వరసలో పచ్చబూజు దిగింది. పన్నెండు సంచులు పోయాయి. ఏం చెయ్యాలో రాయి.

ఇట్లు,
నీ మాజీ అత్త
(మాజీ అనే మాట మంత్రులకే బాగుంటుంది)


జూన్ 13

గౌరవనీయులైన లాండ్రీ యజమానురాలికి,

మాజీ అని మీరే రాశారు కాబట్టి పాత పిలుపు వాడే ధైర్యం లేకపోయింది. కాగితాల మీద సంతకం పడగానే నోట్లో మాట కూడా మారిపోవాలని నాకు తెలియలేదు. ఫోన్ వద్దన్నారు, సరే. ఆయనకి ఇబ్బందనో, మీకే ఇబ్బందనో, ఏదైనా అర్థం చేసుకోగలను.

పచ్చబూజు గురించి. బూజు పట్టిన సంచుల్ని లోపల విప్పకండి. మూతి కట్టి, బయటికి తీసుకెళ్ళి దూరంగా పాతేయించండి. కాఫీ పిప్పి దించిన రోజునే గడ్డితో కలిపి సంచులకి ఎత్తెయ్యాలి. ఒక రోజు నిలవుంటే మన విత్తనం కన్నా ముందు పచ్చబూజు పీట వేసుకుని కూర్చుంటుంది. ఇది మీకు నా కన్నా బాగా తెలుసు. మరి పిప్పి ఎందుకు నిలవుంటోంది? రోజూ పొద్దున్నే మూడు చక్రాల బండి మీరే తొక్కుకుంటూ వెళ్ళేవారు కదా?

నేనిక్కడ పుట్టగొడుగుల విత్తనం తయారుచేసే కంపెనీలో చేరాను. ఉడికించిన జొన్నల మీద తెల్లటి నూలులా విత్తనం అల్లుకుంటుంది, సీసాల్లో నింపి పెంపకందార్లకి పంపిస్తాం. పని మంచిదే. నేనే కుదురుగా లేను. గది కిటికీ బస్సుల డిపో వైపు. ప్రతి బస్సూ బయల్దేరేటప్పుడు లేచి నిలబడతాను, ఎక్కడికి వెళ్ళాలో తెలియక మళ్ళీ కూర్చుంటాను. పరుపు కొన్నాను గానీ దాని ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మీ గురించి గొప్పగా చెబుతుంటాను. మా మేనేజరు కూడా చాలా ఆసక్తిగా విన్నాడు.

ఇట్లు,
(ఇక్కడ ఏం రాయాలో మీరే చెప్పండి)


జూన్ 22

ఏమ్మా డాక్టరమ్మా,

గౌరవనీయులైన అట! ఒక వేళాకోళం మాటకి ఇంత ఉలుకా? కాగితాలు మీ ఇద్దరివి. నేనెక్కడా సంతకం పెట్టలేదు. అత్తయ్య అనే రాయి, రాయకపోతే ఉత్తరం తిప్పి పంపిస్తా.

ఆ సంగతి అయింది. ఇప్పుడు రెండో సంగతి. దీనికి జవాబు చెప్పు. మంగళవారం మెరిసే బూట్లు వేసుకుని ఇద్దరు మగవాళ్ళు దిగారు. మీ కంపెనీ పేరు చెప్పారు. సెల్లారు తలుపు కొలిచారు, ఫొటోలు తీశారు. "మీరు అలిసిపోయారు, మేం నడుపుతాం, మీ ఫొటో డబ్బా మీద వేస్తాం" అన్నారు. నేను అలిసిపోయానని వాళ్ళకెవరు చెప్పారు? ఇంటిగుట్టు గడప దాటించింది ఎవరు? భోజనాల దగ్గర గొప్పగా చెప్పావన్నావుగా, తిన్నది అరిగిందా?

ఇస్త్రీ ఆవిడ, అదే, లాండ్రీ రోజుల నుంచీ నాతో ఉన్నావిడ, పెట్టె చేతబట్టుకునే వాళ్ళ వెంట వీధి మలుపు దాకా వెళ్ళింది. ఆవిణ్ణి చూసి కాస్త తొందరగానే నడిచారు.

బండి సంగతి అడిగావు. రోజు విడిచి రోజు వెళ్తున్నా. మోకాళ్ళు మునుపటిలా లేవు. సెల్లారు పదమూడు మెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో ఒకసారి కూర్చుంటున్నా. దానికేముంది, కూర్చోడానికే కదా మెట్లు అంత వెడల్పుగా కట్టారు.

అత్త


జూన్ 30

అత్తయ్యకి,

వాళ్ళని నేను పంపలేదు. మీ చిరునామా కూడా ఇవ్వలేదు. ఊళ్ళో కాఫీ పిప్పి మీద పుట్టగొడుగులు పెంచే పాత లాండ్రీలు ఎన్నుంటాయి, వాళ్ళే వెతుక్కుని వచ్చారు. అయినా నోరు జారింది నేనే. మేనేజరుని అడిగితే, "మీ అత్తగారికి మేలే కదా చేస్తున్నాం" అని నవ్వాడు. ఆ నవ్వు చూశాక భోజనం డబ్బా తీసుకెళ్ళి మేడమీద ఒంటరిగా తింటున్నాను.

మీరు నన్ను అనుమానించినందుకు కాదు బాధ. అనుమానం వచ్చిన నిమిషాన ఫోన్ చేసి అరవలేదే, ఉత్తరం నాకు చేరేదాకా తొమ్మిది రోజులు కడుపులో పెట్టుకున్నారే, అదీ బాధ. నేను వదిలొచ్చింది ఆయన్ని. మిమ్మల్ని కాదు. ఆయన వింటే ఏమవుతుంది? వినిపించేలాగే అరవండి.

ఇంకొకటి. మెట్ల మధ్యలో కూర్చోవడం మోకాళ్ళ వల్ల కాదేమో. మోకాలు నొప్పయితే దిగేటప్పుడు కదా ఎక్కువ? మీరు ఎక్కేటప్పుడు కూర్చుంటున్నారు. మీ అక్షరాలు కూడా కుడివైపు కొండ దిగుతున్నట్టు ఉన్నాయి. మాస్కు పెట్టుకుంటున్నారా? పుట్టగొడుగులు ఏ సైజులో కోస్తున్నారు?

మీ కోడలు


జూలై 5

కోడలికి,

నువ్వు ఉత్తరం రాశావా, పోలీసు స్టేషన్లో రిపోర్టు రాశావా? సరే, వరసగా చెబుతా, రాసుకో.

మాస్కు పెట్టుకోవడం లేదు. పెట్టుకుంటే ఊపిరాడదు. నువ్వు మొదటి రోజు నుంచీ ముక్కుకీ మూతికీ కట్టుకుని తిరిగేదానివి కాబట్టే నీకు డాక్టరమ్మ అని పేరు పెట్టాను. నేను నలభై ఏళ్ళు సోడా, బ్లీచింగు, ఆవిరి పీల్చినదాన్ని. నన్నేం చేస్తాయి పుట్టగొడుగులు?

పెద్దవే కోస్తున్నా. కొత్త వంటమాస్టరికి అరచేయంతవి కావాలి. గొడుగు పూర్తిగా విచ్చి, అంచు కాస్త పైకి తిరిగాక కోస్తేనే తీసుకుంటాడు. గురువారం గురువారం కోత. ఆ రోజు సెల్లారులో దీపం చుట్టూ తెల్లగా పొగమంచు పట్టినట్టుంటుంది. మొన్న నా నల్లచీర మీద వేలితో ముగ్గు వెయ్యొచ్చు, అంత తెల్లదుమ్ము. చూడముచ్చటగా ఉందిలే.

ఆరోగ్యం బాగానే ఉంది. గురువారం సాయంత్రం కాస్త చలిజ్వరం వస్తుంది, శనివారానికి పోతుంది. వారానికోసారి చుట్టంలా వచ్చి పోయేదాన్ని జబ్బు అంటామా? మన వీధి డాక్టరు దగ్గుమందు ఇచ్చాడు. వయసు.

బూట్లవాళ్ళు మళ్ళీ వచ్చారు. కిటికీలోంచే పొమ్మన్నాను. నీ మీద కోపం పోయింది. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు, నేను బూట్లవాళ్ళ మీద కోపం కోడలి మీద చూపించాను.

నీ పరుపు కవరు విప్పు. చెమటకి ఒళ్ళు పేలుతుంది.

అత్త


జూలై 8, కొరియర్‌లో పంపుతున్నాను

అత్తయ్యా,

ఈ ఉత్తరం చదవడం అయ్యేలోపు సెల్లారు తాళం ఇస్త్రీ ఆవిడకి ఇచ్చెయ్యండి. ఇకపై మీరు కిందికి దిగొద్దు. ఒక్క మెట్టు కూడా.

గొడుగు విచ్చాక రాలేది దుమ్ము కాదు. అది పుట్టగొడుగు విత్తు, ఇంగ్లీషులో స్పోర్లంటారు. కంటికి కనపడనంత సన్నం, లక్షల కొద్దీ. మూసిన గదిలో రోజూ పీలిస్తే కొందరి ఊపిరితిత్తులు దానికి ఎదురు తిరుగుతాయి. కోసిన కొన్ని గంటలకి చలిజ్వరం, పొడిదగ్గు, ఆయాసం. దూరంగా ఉంటే తగ్గుతుంది, మళ్ళీ దిగితే వస్తుంది. అలా ఏళ్ళు సాగితే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, ఇక వెనక్కి రావు. మీ గురువారం చుట్టం అదే. వీధి డాక్టరు కాదు, ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఈ ఉత్తరం ఆయనకి చూపించండి.

ఇంకో మాట రాయాలి. మూడుసార్లు రాసి చింపేశాను. ఇది నాకు మొదటి నుంచీ తెలుసు. అందుకే నేను మాస్కు పెట్టుకున్నాను. మీరు నవ్వినప్పుడు నేనూ నవ్వాను గానీ ఎందుకో చెప్పలేదు. చెబితే మీరు భయపడి ఆపేస్తారనుకున్నాను. ఆ రోజుల్లో పైన ఆయనా నేనూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉప్పు అందించమని కూడా అడిగేవాళ్ళం కాదు. ఆ పదమూడు మెట్లు దిగితేనే నాకు ఊపిరి వచ్చేది. దాన్ని పోగొట్టుకోలేక మీకు చెప్పలేదు. అప్పుడు పది సంచులే ఉన్నాయి, చిన్నవిగా ఉండగానే కోస్తున్నాం, ఏం కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎనభై అవుతాయని, నేను లేకుండా మీరొక్కరే దిగుతారని అనుకోలేదు.

క్షమించమని అడగను. డాక్టరు ఏమన్నాడో రాయండి చాలు.

మీ కోడలు


జూలై 16

కోడలికి,

మావాడు తీసుకెళ్ళాడు. ఎక్స్‌రే, స్కానింగు, గొట్టంలోకి ఊదించడం, అన్నీ అయ్యాయి. నువ్వు రాసిందే ఆ డాక్టరూ అన్నాడు. ఇంకో ఏడాది ఇలాగే దిగి ఉంటే మెట్లు కాదు, మంచం దిగడం కూడా కష్టమయ్యేదట. మాత్రలిచ్చాడు. ఇక ఆ గది మొహం చూడొద్దన్నాడు.

ఫోన్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెబుతా. మావాడి వల్ల కాదు, నీ వల్లా కాదు. రెండు నెలలుగా ఒక్క వాక్యం దగ్గకుండా చెప్పలేకపోతున్నా. నువ్వు వింటే అంతా వదిలేసి వచ్చేస్తావని దాచాను. నువ్వు ఈ ఇంట్లోంచి బయటపడటానికి ఎంత పెనుగులాడావో చూసినదాన్ని. మళ్ళీ నా దగ్గుతో నిన్ను వెనక్కి లాగడం ఇష్టం లేకపోయింది.

కానీ నువ్వు దాచినదీ నేను దాచినదీ ఒకటి కావు. నేను దాచింది నా ఒంట్లోది. నువ్వు దాచిందీ నా ఒంట్లోదే. మూడేళ్ళు పక్కపక్కన నిలబడి, నీ ముక్కుకి గుడ్డ కట్టుకుని, నన్ను నవ్వనిచ్చావు. కోపంగా ఉంది. ఇలా చల్లగా రాస్తున్నానని పోయిందనుకోకు.

కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నా. సెల్లారు తలుపు దాకా వెళ్ళి వెనక్కి వస్తాను. హాల్లో కుర్చీలు నాలుగుసార్లు మార్చాను. మావాడు, "ఏ కుర్చీ ఎక్కడుందో తెలియక నిన్న గాల్లో కూర్చోబోయానమ్మా" అన్నాడు. కింద ఎనభై సంచులు కాపుకొచ్చి ఉన్నాయి. బూట్లవాళ్ళకి ఇవ్వడం కన్నా చెత్తకుప్పలో పారేయడం నయం.

అత్త


జూలై 20

అత్తయ్యకి,

మీ కోపం న్యాయమే. కానీ దయచేసి సంచులు పారేయకండి, కంపెనీకీ ఇవ్వకండి. తలుపు మూసి ఉంచండి. సెలవు అడిగాను. ఆదివారం నేనే వచ్చి, మాస్కు కట్టుకుని, అన్నీ కోసి, గది కడిగి వెళ్తాను. ఆయనకి ఇష్టం లేకపోతే ఇంట్లోకి రాను, పెరటి గేటు నుంచి వస్తాను. విత్తు రాలని రకం ఒకటుంది. కాపు తక్కువ, గొడుగులు చిన్నవి, మీ వంటమాస్టరు మూతి ముడుస్తాడు. అయినా దాని గురించి మాట్లాడదాం.

మీ కోడలు


జూలై 20

కోడలికి,

నీ జవాబు కోసం ఆగలేదు. ఆగే మనిషినైతే ఈ జబ్బు ఎందుకొస్తుంది?

నిన్న పొద్దున మావాడు ఆఫీసు మానేశాడు. మందుల షాపులో మంచి మాస్కు కొనుక్కొచ్చాడు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మెట్లు దిగనివాడు ఎనభై సంచులూ ఒక్కొక్కటే భుజాన వేసుకుని పైకి తెచ్చి, పెరట్లో బట్టలు ఆరేసే రేకుల షెడ్డులో దండేలకి కట్టాడు. నన్ను కిటికీ తలుపు వేసుకుని అద్దంలోంచి చూడమన్నాడు. సగంలో మాస్కు కిందికి లాగి, "ఇంత బరువు మీరిద్దరే మోసేవారా?" అని అరిచాడు. "ముందు ఆ మాస్కు పైకి లాక్కో" అని లోపల్నుంచి అరిచి, అయిదు నిమిషాలు దగ్గాను.

పారేద్దామనే తీయించాను. చెత్త బండి వాడు రాలేదు. వాన వచ్చింది.

అత్త


ఆగస్టు 2

అత్తయ్యకి,

క్షేమంగా చేరాను. మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటిపోయినట్టున్నాయి. నేను బకెట్టు, బ్రష్షు పట్టుకుని ఖాళీ సెల్లారు కడగడానికి వచ్చినట్టయింది.

గేటు తీసేసరికి కనబడింది నా కళ్ళ ముందు నుంచి పోవట్లేదు. నాలుగు రోజుల వానకి షెడ్డంతా విచ్చుకుంది. దండేల నిండా చొక్కాలకి బదులు గుత్తులు. వీధిలో వాళ్ళు గిన్నెలు పట్టుకుని వరసలో ఉన్నారు, ఇస్త్రీ ఆవిడ మాస్కు కట్టుకుని లైను సరిచేస్తోంది. గాలి ఈ వైపు నుంచి ఆ వైపుకి పోతోంది, దీపం చుట్టూ పొగమంచు లేదు. నాలుగ్గోడల మధ్య పెంచాలని చదువుకున్నదాన్ని, నాకు షెడ్డు తట్టనే లేదు.

మీరు నాతో ఆ రోజంతా మాట్లాడలేదు. కుర్చీ చూపించారు, మంచినీళ్ళిచ్చారు, నేను కోస్తుంటే కిటికీ అద్దం మీద వేలితో తట్టి, 'అది కాదు, పక్కది' అని సైగ చేశారు. ఆయన బస్టాండు దాకా వచ్చి, "మనం ఇలా కలిసి ఒక పని చేసి ఉంటే బాగుండేదేమో" అన్నారు. "చేసేవాళ్ళం కాదు" అన్నాను. ఇద్దరం నవ్వాం. ఎనిమిదేళ్ళలో అంత నిజం మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇక్కడికొచ్చాక మేనేజరుని ఒకటే అడిగాను. విత్తనం సీసాతో పాటు తెల్లదుమ్ము గురించి హెచ్చరిక కాగితం పెడదామని. "భయపెడితే ఎవరు కొంటారు?" అన్నాడు. ఆ మాట నా నోట్లోంచి వచ్చినట్టే ఉంది. మూడేళ్ళు నేను చేసింది అదే కదా. రాజీనామా ఇచ్చేశాను.

ఊరి బయట ప్రభుత్వ పరిశోధన కేంద్రంలో ఆ విత్తు రాలని రకం చిన్న పెంపకందార్లకి ఇస్తారు. నేనూ ఇంకో ఇద్దరూ కలిసి ఒక కారు షెడ్డు అద్దెకి తీసుకుని ఆ విత్తనం సీసాలు చేస్తున్నాం. సీసాకి కట్టడానికి హెచ్చరిక రాశాను. చదివినవాళ్ళు నిద్రపోతున్నారు. మీరు రాసిస్తారా?

మీ కోడలు


సెప్టెంబరు 19

కోడలికి,

గొట్టంలోకి ఊదితే మొన్నటి కన్నా గీత పైకి లేచింది. పూర్తిగా మునుపటిలా కాదన్నాడు డాక్టరు. మెట్లెక్కితే ఇంకా ఆగుతున్నా. షెడ్డు ఇస్త్రీ ఆవిడది ఇప్పుడు, నేను ఇంట్లోంచి పెత్తనం చేస్తా. నువ్వు పంపిన కొత్త రకం మొదటి కాపు వచ్చింది. వంటమాస్టరు చిన్నగా ఉన్నాయని సణిగాడు. "పెద్దవి కావాలంటే నా ఊపిరితిత్తుల్లో పెరిగాయి, కోసుకెళ్ళు" అన్నాను. తూకం వేయించుకుని తీసుకెళ్ళాడు.

నీతో ఎందుకు మాట్లాడలేదంటే, నోరు తెరిస్తే తిట్టో ఏడుపో ఏదొస్తుందో నాకే తెలియలేదు. ఫోన్ చెయ్యి. దగ్గు వినబడుతుంది, వినబడనీ.

నువ్వడిగిన కాగితం ఇదిగో. ఒక్క అక్షరం మార్చకు.

"ఈ విత్తనం తీసుకున్నవాళ్ళకి. ఇది మంచి రకమే. అయినా రేపు మీరు ఇంకో రకం పెంచొచ్చు, అందుకని వినండి. గొడుగు పూర్తిగా విచ్చకముందే కొయ్యండి. విచ్చితే కింద నుంచి తెల్లదుమ్ము రాలుతుంది. అందంగా ఉంటుంది. నమ్మకండి. మాస్కు కట్టుకోండి. ఊపిరాడట్లేదని తీసేయకండి, నేను అలా తీసేసినదాన్నే. గాలి ఆడని గదిలో పెంచకండి. కోత రోజు సాయంత్రం చలిజ్వరం వచ్చి రెండ్రోజుల్లో పోతే అది అలసట కాదు, వయసు కాదు. డాక్టరు దగ్గర కూర్చోగానే 'నేను పుట్టగొడుగులు పెంచుతాను' అని మొదటి మాటగా చెప్పండి. నేను చెప్పలేదు, దగ్గుమందు తాగుతూ కూర్చున్నాను. మీ దగ్గర పనిచేసేవాళ్ళకి ఇది చదివి వినిపించండి, చదువు రాదని వదిలెయ్యకండి. నాకు చెప్పాల్సిన మనిషి నాకు చెప్పలేదు. చెబితే మానేస్తానని భయపడింది. మానేసేదాన్ని కాదు. కిటికీ పెట్టించేదాన్ని."

చివరి నాలుగు వాక్యాలు అచ్చు వేస్తావో కొట్టేస్తావో నీ ఇష్టం. నేనైతే వెయ్యమనే అంటాను.

అత్త